గేదెకు తెలియని అధ్యక్షుడు

బెంగాల్లో సంత్రాగాఛి దాటిన లోకల్ రైలు మౌరీగ్రామ్ చేరేలోగా పట్టాలకు కాస్త దూరంగా ఒక పెద్ద బీడు, దాని ఇవతలి చివర ఒక రేకుల పాక కనిపిస్తాయి. ప్రతి ఆదివారం ఉదయం ఆ పాక ముందు కొందరు పెద్దమనుషులు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. రైల్లోంచి చూసినవాళ్ళు 'పాపం, ఆదివారం కూడా విశ్రాంతి లేని కష్టజీవులు' అనుకుంటారు. అయ్యా, మీరూ అలాగే అనుకుని ఉంటే ఆ అభిప్రాయం వెంటనే మార్చుకోండి. పని జరుగుతున్నది పాక వెనక.

ముందు కూర్చున్నది ఆంధ్ర పాడిరైతుల సంఘం. ఏనాడో రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, క్వార్టర్స్ వెనక ఒక గేదెను కట్టుకుని, అది మందగా పెరిగేసరికి ఊరి వెలుపల ఈ బీడును కౌలుకు తీసుకున్న కుటుంబాలవి. ఈ సంఘంలో సభ్యత్వం కావాలంటే గేదె ఉండాలి, మీసమూ ఉండాలి. మీసం సంగతి నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. కానీ గేదె సంగతికన్నా గట్టిగా అమలవుతోంది. ఆండాళమ్మ అనే ముసలావిడ గేదెలు ఆ బీడు మొత్తం మీద ఎక్కువ పాలిస్తాయి. అయినా సభ్యుడు ఆవిడ కాదు, మనవడు జయంత్. ఆ అబ్బాయి బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, పెరుగు వాసన పడదంటాడు.

అధ్యక్షుడు మృత్యుంజయ. గూడ్సు రైళ్ళ గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గాని మెడలో ఈల వదలలేదు. సభ మొదలవ్వాలన్నా ఈలే, టీ రావాలన్నా ఈలే. ఈల వినగానే పాక వెనక పేడ ఎత్తుతున్న భార్య దుర్గాంబ చెయ్యి కడుక్కుని టీ పళ్ళెం తెచ్చేది. ఇన్నేళ్ళుగా ఈల వేస్తే టీ వస్తోంది కాబట్టి, టీ ఈలలోంచే పుడుతుందని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం చర్చ, పాలు ఎందుకు తగ్గిపోయాయన్నది. వాతావరణం అన్నారు ఒకరు. దిష్టి అన్నారు ఇంకొకరు. కార్యదర్శి సత్యం, "కలికాలం బావూ" అని తేల్చేశాడు. టీ అందిస్తున్న దుర్గాంబకు ఒళ్ళు మండింది.

"గేదెలకి తినడానికి గడ్డేదీ? బీడు సూడండి, మీ అందరి బుర్రల్లాగ నున్నగా అయిపోనాది."

బుర్రలన్నీ ఒకసారి తడుముకోబడ్డాయి. ఆవిడ చెప్పింది నిజమే. మిడతల దండులా ఆ మంద అంతా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బీడు మీద పడి, మొలిచిన గరిక మొలిచినట్టే నాకేసేది. వాన పడితే గిట్టల కింద నేలంతా చిత్తడై, మొలకెత్తాల్సింది కూడా కుళ్ళిపోయేది. మగవాళ్ళెవరూ అది చూడలేదు. వాళ్ళు బీడుకు వీపు పెట్టి కూర్చునేవాళ్ళు, రైలు కనబడాలని.

ఇంతకూ దుర్గాంబకు ఆ సంగతి నేర్పింది ఏ పుస్తకమూ కాదు. పూజా పందిళ్ళు వేసే డెకరేటరు ఒకడు పండగ అయ్యాక తన వెదుళ్ళన్నీ తెచ్చి బీడు మూల పడేసి, మళ్ళీ పూజకి పట్టుకుపోయేవాడు. అడ్డదిడ్డంగా పడేసిన ఆ వెదుళ్ళు దడి కట్టినట్టయి, ఆ మూలకి గేదెలు వెళ్ళలేకపోయాయి. చూస్తుండగా అక్కడ గడ్డి నడుమెత్తు లేచింది. అదే నేల, అదే వాన, అవే గింజలు. దుర్గాంబ దాన్ని రోజూ చూసేది. ఒకరోజు చూస్తూ చూస్తూ, "ఓలమ్మ, గడ్డికి సెలవు కావాలి గావాల!" అని పైకే అనేసింది.

అప్పట్నుంచి మొగుడి వెంట పడింది. బీడును వెదుళ్ళతో నాలుగు దళ్ళుగా విడగొడదాం, మందను ఒక దడిలో మేపి రెండో దడికి తోలేద్దాం, మిగతావి ఊపిరి పీల్చుకుంటాయి అంది.

"నువ్వు సెప్పినట్టల్లా సేత్తే సంఘం ఎందుకే, నానెందుకే?" అన్నాడు మృత్యుంజయ.

"అదే నానూ అడుగుతున్నాను బావా." ఆవిడ ఆయనకి మేనమామ కూతురు. మాటకు మాట అప్పజెప్పడం పెళ్ళికి ముందునుంచే అలవాటు. "గార్డు ఉద్యోగంలో నీకు వారానికో సెలవుండీది. పండక్కి సెలవు, జొరానికి సెలవు, నాతో దెబ్బలాడితే అందుకూ సెలవు. మరి గడ్డికి నేదేటి?"

"సభలో ఆడవాళ్ళ మాట తీర్మానం కాదు," అని ఆయన ఈల వేశాడు. సభ ముగిసింది.

ఇంతలో పిడుగులాంటి కబురొచ్చింది. బీడు సొంతదారు ఘోషాల్ బాబు రిటైరైన బడిపంతులు. నెలాఖరుకి కౌలు గడువు తీరిపోతోంది. నేల చచ్చిపోతోందని ఎవరో ఆయన చెవిన వేశారు. అక్కడ లారీలు నిలిపే అడ్డా పెడతానని ఒక ఆసామి ఆయన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం స్వయంగా వచ్చి చూసి, అప్పుడు ఏదో ఒక మాట చెబుతానన్నాడట.

ఆ రాత్రి దుర్గాంబ ఏడ్చింది. దాపరికం ఏముంది, సీతాలు మెడ పట్టుకుని భోరున ఏడ్చింది. సీతాలు ఆవిడ గేదె. దూడగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. బీడు పోతే మందను సంతకి తోలాలి. సంతకి వెళ్ళిన గేదె ఎక్కడికి పోతుందో ఆవిడకి తెలుసు. కూతురు కౌముది సాల్ట్ లేక్‌లో ఉంటుంది, వచ్చి మా ఫ్లాట్‌లో హాయిగా ఉండమ్మా అంటుంది. నాలుగో అంతస్తులో గేదె లేని హాయిని ఏం చేసుకోవాలో దుర్గాంబకు తెలియదు.

మృత్యుంజయకూ భయం వేసింది. భయం వేసిన అధ్యక్షులు ఏం చేస్తారు? అతిథిగారి దగ్గర మర్యాదగా కనబడాలని చూస్తారు. ఆడవాళ్ళు అక్కడుంటే దుర్గాంబ నోరు ఊరుకోదు, ఘోషాల్ బాబు ముందు పరువు పోతుంది. అదృష్టం కొద్దీ అదే ఆదివారం లిలువాలో సత్యం మేనకోడలి సీమంతం పడింది. ఆడవాళ్ళందరూ పొద్దుటి పాలు పితికేసి లిలువా వెళ్ళాలని, రాత్రికి తీరిగ్గా రావచ్చని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

"మరి సాయంత్రం పాలు ఎవులు పితుకుతారు?" అంది దుర్గాంబ.

"మేం నేమేటి? గూడ్సు బండి నడిపినోడికి గేదె ఒక లెక్కా?"

దుర్గాంబ ఆయన్ని ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా రైలెక్కింది. ఆవిడ ఏమీ అనకపోవడం మృత్యుంజయ గెలుపు కింద జమకట్టుకున్నాడు.

ఆదివారం సాయంత్రం కావొచ్చింది. పాక ముందు కుర్చీలకు తువ్వాళ్ళు పరిచారు. ఘోషాల్ బాబుకి చిక్కటి గేదెపాల టీ అంటే ప్రాణమని తెలిసి, ఆయన ఎదుటే పితికి టీ పెట్టాలని ఏర్పాటు. మృత్యుంజయ బాల్చీ పట్టుకుని సీతాలు దగ్గర కూర్చుని ఈల వేశాడు. సీతాలు బాల్చీని తన్నింది. బుజ్జగించాడు. తోకతో చెంప మీద కొట్టింది. దూడను వదిలాడు. దూడకీ ఇవ్వలేదు. అటు సత్యానికీ, మిగతా సభ్యులకీ అదే మర్యాద జరిగింది. పొదుగులు నిండి బరువెక్కిన గేదెలన్నీ ఒక్క గొంతుతో అరవడం మొదలుపెట్టాయి. సత్యం పక్కకి పోయి దుర్గాంబకు ఫోన్ చేశాడు.

"వదినా, ఎక్కడున్నావు?"

"సంత్రాగాఛి దాటినాను. ఎవులు పడ్డారు?"

చూశారా! సీమంతంలో విస్తరి ముందు కూర్చున్నా దుర్గాంబకు సీతాలు పొదుగే కళ్ళముందు మెదిలింది. పులిహోర సగంలో వదిలేసి, ఆండాళమ్మను రెక్క పట్టుకుని లేవదీసి రైలెక్కేసింది. తమ మగవాళ్ళ సంగతి వాళ్ళకి తెలుసు. సత్యం ఈ సంగతి అధ్యక్షుడికి చెప్పే ధైర్యం చెయ్యలేదు. దానికి బదులు మంచి ఉపాయం చెప్పాడు.

"బావూ, మా ఊళ్ళో ఆడోళ్ళు పురిటికెల్తే మా తాత మా మామ్మ కోక సుట్టుకుని పితికీవోడు. గేదె నమ్మీసీది."

మాట నిజమే. మన పల్లెల్లో ఎరిగిన పద్ధతే. పాక గోడకి దుర్గాంబ రోజూ పనిలో కట్టుకునే పాత నేతచీర వేలాడుతోంది. పేడ మరకలు, తవుడు వాసన, ఒక అంచు చిరుగు. మృత్యుంజయ దాన్ని వేలి కొసతో ఎత్తి చూసి మొహం చిట్లించాడు. "సంఘం అద్యచ్చుణ్ణి, మాసిన కోక సుట్టుకుంటానేటి?" అని పాక పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్ళి, పెట్టె తీసి, కౌముది పెళ్ళికి కొన్న గద్వాల్ పట్టుచీర తెచ్చి చుట్టుకున్నాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ చీరను సీతాలు జన్మలో చూడలేదు. తన భార్య ఏం కట్టుకుని పని చేస్తుందో ఈయనా అంతవరకు చూడలేదన్నమాట.

సీతాలు ఈ వింతను చూసి కట్టుకొయ్య చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే వెనక గొడుగు చప్పుడైంది. "మృత్యుంజయ బాబు ఉన్నారా?" అని బెంగాలీలో పిలుస్తూ ఘోషాల్ బాబు పాకలోకి వచ్చేశాడు. సత్యం గడ్డివామి వెనక్కి దూకాడు. మృత్యుంజయకు దూకే చోటు లేదు. గబుక్కున కొంగు మొహం మీదికి లాక్కుని, గొంతు సన్నగా చేసి, "బాబు బాడీతే నేయ్," బాబు ఇంట్లో లేరు, అన్నాడు.

ఇక్కడ ఘోషాల్ బాబు గురించి ఒక్క మాట. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠం చెప్పినవాడు. కొంగు కింద మీసాన్నీ, మెడలో ఈలనూ చూడలేని గుడ్డివాడు కాదు. కానీ పంతులు కదా, కుర్రవాడు పొరపాటు చేస్తే చివరిదాకా చెయ్యనిచ్చి చూస్తాడు.

"మంచిదే అయింది బౌదీ," అని బెంగాలీ మర్యాదలో వదినగారిని పిలిచినట్టు పిలిచి, మోడా పీట లాక్కుని కూర్చున్నాడు. "మీ ఆయన ఉంటే ఉపన్యాసం చెబుతాడు. మీరు చెప్పండి. బీడంతా బోడిగా ఉంది, ఆ మూల మాత్రం పచ్చగా ఉంది. ఎందుకని?"

మృత్యుంజయ కొంగు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. అధ్యక్షుడిగా అడిగితే మట్టి గుణమని తోసేసేవాడు. ఇప్పుడు తను దుర్గాంబ. దుర్గాంబ ఏమంటుంది? అన్నాళ్ళూ చెవిన పడ్డ మాటలు, వినలేదనుకున్న మాటలు, ఆ భయంలో ఒక్కొక్కటే పైకి తేలాయి.

"అక్కడ వెదుళ్ళు అడ్డం ఉన్నాయి. గేదెలు వెళ్ళలేవు. గడ్డికి... గడ్డికి సెలవు దొరికింది."

"ఆహా! సెలవు! మరి బీడంతా అలా చెయ్యవచ్చుగా?"

"నాలుగు దళ్ళు కడితే చెయ్యవచ్చు. ఒకదానిలో మేస్తుంటే మిగతావి లేస్తాయి."

"ఇంత తెలిసి కూడా ఎందుకు చెయ్యలేదు బౌదీ?"

దుర్గాంబ అయితే దీనికి ఒక్కటే జవాబు చెప్పేది.

"మా ఆయన ఒప్పుకోడు," అన్నాడు సన్నగా.

"ఆయనకేం అభ్యంతరం?"

"నేను చెప్పాను కదా, అందుకు."

ఆ మాట తన నోటినుంచే విన్నాక ఆయనకు సిగ్గేసింది. కొంగు కింద తల వంచుకున్నాడు. సీతాలుకి ఆ పశ్చాత్తాపంతో పనేముంది? మెడ చాపి పట్టుకొంగు పళ్ళతో అందుకుని ఒక్క గుంజు గుంజింది. మీసం, ఈల, అధ్యక్ష పదవి అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.

"నమస్కారం మృత్యుంజయ బాబూ," అన్నాడు ఘోషాల్ బాబు ఏమీ ఎరగనట్టు. "ఇంటికి ఎప్పుడొచ్చారు?"

గుమ్మంలో ఎవరో పడీపడీ నవ్వారు. ఆండాళమ్మ. పక్కనే దుర్గాంబ. ఆవిడ నవ్వడంలేదు. మొగుడు తన మాటలు అప్పజెప్పడం మొదట్నుంచీ విన్నట్టుంది. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. కానీ సీతాలు అరుపు వినగానే అన్నీ పక్కన పెట్టి, గోడకున్న పాత చీర ఒంటికి చుట్టబెట్టుకుంటూ, "వొచ్చీసినానే తల్లీ, వొచ్చీసినాను," అంటూ దాని పక్కన కూర్చుంది. సీతాలు ఆ చీర వాసన చూసి, నిట్టూర్చి, పాలు చేపింది. బాల్చీ నురగతో నిండింది.

టీ తాగాక ఘోషాల్ బాబు గ్లాసు కింద పెట్టాడు. "లారీలకి ఇవ్వను. కానీ ఈలకి కూడా ఇవ్వను. నేలను ఎరిగినవాళ్ళకి ఇస్తాను. కౌలు కాగితం దుర్గాంబ బౌది పేర రాయిస్తాను."

"నా ఒక్కర్తి పేరూ వొద్దు దాదా," అంది దుర్గాంబ బెంగాలీలో. "ఇక్కడ పేడ ఎత్తే ప్రతి ఆడదాని పేరూ ఉండాలి. ఆండాళమ్మ పిన్ని పేరు ముందుండాలి."

గడ్డివామి వెనక నుంచి, నెత్తిన గడ్డితోనే, సత్యం లేచాడు. "అలగెలా కుదురుద్ది వదినా? సంఘం నిబందన..."

"ఎవులు రాసినార్రా ఆ నిబందన?" అని ఆండాళమ్మ గర్జించింది. "నా మనవడా? ఆడికి గేదెకీ దున్నకీ తేడా తెల్దు! ఈ పొద్దుట్నుంచీ ఒక్క గేదైనా నీ మొకం గుర్తుపట్టిందేటి?"

సత్యం అధ్యక్షుడి వైపు చూశాడు. పట్టుచీరలో ఉన్న అధ్యక్షుడు ఏం తీర్మానం చెయ్యగలడు? తల ఊపాడు.

తరవాత కథ అంతా నల్లేరు మీద బండి నడకేమీ కాదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆడవాళ్ళు డెకరేటరు దగ్గర పనికిరాని వెదుళ్ళు తెచ్చి దళ్ళు కట్టారు. అయితే దుర్గాంబ హడావిడిలో నీళ్ళ తొట్టి ఒక్క దడిలోనే పెట్టించింది. దాహమేసిన మంద ఒక మధ్యాహ్నం దళ్ళన్నీ విరగ్గొట్టుకుని దారి అవతల ఎవరి పెరట్లోనో వంకాయలు మేసేసింది. ఆండాళమ్మ దుర్గాంబను తిట్టిన తిట్లు పట్టాల అవతలికి వినిపించాయి. దుర్గాంబ తప్పు ఒప్పుకుంది, తొట్టిని నాలుగు దళ్ళూ కలిసే చోటుకి మార్చింది. గట్ల మీద ఏనుగు గడ్డి నాటారు. వానలు వెనక్కి తగ్గేసరికి బీడు పచ్చబడింది, పాలు పెరిగాయి. సీతాలు ఎంత ఒళ్ళు చేసిందంటే పాక గుమ్మంలో ఇరుక్కుంటోంది.

మరి మృత్యుంజయ? కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. ఒకరోజు మందను ఒక దడిలోంచి ఇంకో దడికి తోలడం దుర్గాంబకు కష్టమవుతుంటే చూడలేక, గుమ్మం దగ్గర నిలబడి ఈల వేసి, పెట్టె అడుగునుంచి తీసిన పచ్చజెండా ఊపాడు. గేదెలు జెండాను చూశాయో, జెండా వెనకున్న పచ్చగడ్డిని చూశాయో గాని, వరసగా గూడ్సు పెట్టెల్లా నడిచి వెళ్ళాయి. ఆయన మొహం చూడాలి! రిటైరయ్యాక మొదటిసారి బండిని నిజంగా నడిపించాడు. అప్పట్నుంచి ఆ పని ఆయనదే, జీతం లేకుండా.

"ఎర్రజెండా మాత్రం సూపకు బావా," అంది దుర్గాంబ. "సీతాలు ఒప్పుకోదు."

మొన్న ఒక ఆదివారం గార్డెన్ రీచ్ నుంచి మధుబాబు అనే కొత్తాయన సంఘంలో చేరడానికి వచ్చాడు. కుర్చీలో తను కూర్చున్నాడు. భార్య నారాయణమ్మ పాక స్తంభం పక్కన నిలబడింది, చేతుల నిండా తవుడు. దుర్గాంబ సంఘం పుస్తకం తెరిచి పేరు అడగ్గానే మధుబాబు తన పేరు చెప్పాడు.

టీ పళ్ళెంతో అటుగా వచ్చిన మృత్యుంజయ ఆగాడు. ఒక గ్లాసు ముందు నారాయణమ్మకి ఇచ్చి, ఇంకో కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. మెడలో ఈల సవరించుకుని మధుబాబు వైపు తిరిగాడు.

"సూడు తమ్ముడూ, పట్టుచీర కట్టి మరీ నేర్సుకున్న సంగతి, నీకు ఊరికే సెబుతున్నాను. పేరు ఒకలదీ, పని ఇంకొకలదీ అయిన సోట గడ్డి కూడా మొలవదు."